నెర్రె మీద సున్నం

మొన్న ఒక పొద్దున మా మెస్‌లో గ్లాసులు వాటంతట అవే మోగాయి. ఇడ్లీ రెండో వాయి దించి, చట్నీకి పోపు వేద్దామని గరిటె చేతిలోకి తీసుకున్నాను. స్టీలు అర మీద వరసగా బోర్లించిన గ్లాసులు ఒకదానికొకటి తగులుకుని గలగలమన్నాయి. బరువైన లారీ పోతే అదిరినట్టు కాళ్ల కింద బండ అదిరింది. వీధిలో లారీ ఏదీ లేదు. మూడు నాలుగు క్షణాలు, అంతే. పై అంతస్తులో ఉండే హాస్టల్ ఆడపిల్లలు ఫోన్లు పట్టుకుని మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చేశారు. అశోక్ నగర్‌లో మా గల్లీ నిండా ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలే. ఎప్పుడూ పుస్తకాల సంచులతో తల వంచుకుని నడిచే వాళ్లందరూ ఆ పూట తలలెత్తి మేడల వంక చూస్తూ నిలబడ్డారు. ఇళ్లకు ఫోన్లు చేసి భూకంపం వచ్చిందని చెప్పుకున్నారు. కొందరు నవ్వారు కూడా. నేను రోడ్డు మీదికి పోలేదు. పొయ్యి ఆర్పి, వెనక తలుపు తీసుకుని గుంత దగ్గరికి పోయాను.

గుంత అంటే మా వెనక ప్లాటు. పాత ఇల్లు పడగొట్టి ఆరంతస్తుల హాస్టల్ కడుతున్నారు. కింద రెండు సెల్లార్లట. మిషన్ తవ్వగలిగినంత తవ్వి వెళ్లిపోయింది. మూలలు చేత్తో తవ్వడానికి పాలమూరు కూలీలు దిగారు. మా వెనక గోడకూ ఆ గుంత అంచుకూ మధ్య నాలుగడుగుల నేల ఉంది. ఆ నేల మీద అంచు వెంబడే ఒక నెర్రె. వారం నుంచీ ఉందది. ఆ పొద్దున నేను వంగి చూసింది దాన్నే.

"అవ్వా, గుంతల పడ్తవ్. ఇటు రా" అని వెనక నుంచి స్వప్న నా చెంగు పట్టి గుంజింది. స్వప్న మా హాస్టల్ పిల్ల. మా పాలమూరు దిక్కు పిల్లే. నాలుగేళ్లుగా ఇక్కడే ఉండి పరీక్షలు రాస్తోంది. నాకు అక్షరాలు నేర్పింది ఆమే. అప్పటికి నాకు అరవై ఎనిమిది నిండాయి.

"ఏం సూస్తున్నవ్ గంతగనం?"

"నెర్రె."

"గది నిన్న గూడ ఉండె గద."

"నిన్న ఎంత ఉండె?"

స్వప్న కూడా వంగి నెర్రె వంక చూసింది.

"నీకు తెల్వదు, నాకు తెల్వదు. తెల్వాల్నంటె పట్టీ వెయ్యాలె" అన్నాను. పట్టీ ఏంది అవ్వా అని అడిగింది. ఆ మాట నా నోట్లోంచి వచ్చి అరవై ఏళ్లు దాటింది. నా నోరు నాకే చేదుగా అనిపించింది. ఇడ్లీలు చల్లారుతున్నాయని చెప్పి లోపలికి వచ్చేశాను. ఆమెకు అప్పుడు చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

మేము పట్నం వచ్చేటప్పటికి నాకు నాలుగేళ్లో అయిదేళ్లో. దోమలగూడలో, ట్యాంక్ బండ్ కట్ట దిగువన, నాలా ఒడ్డున గుడిసెలు ఉండేవి. అందులో మాది ఒకటి. గుడిసెకు కిటికీ లేదు, తలుపుగా గోనెపట్టా ఉండేది. పొద్దున లేచేసరికి మూడు రకాల వాసనలు కలిసి వచ్చేవి. నాలా వాసన, అమ్మ కాల్చే జొన్నరొట్టె అంచు మాడిన వాసన, మూలన పెట్టిన పారలూ గడ్డపారల నుంచి తడి మట్టి వాసన. అమ్మ రొట్టె మీద ఎర్రకారం, ఉల్లిగడ్డ నూరి పెట్టి గుడ్డలో కట్టేది. నాయిన లేవగానే మొహం కడుక్కునేవాడు కాదు, ముందు పనిముట్లు కడిగేవాడు. వాటికి పట్టిన మట్టి ఎండితే మరునాడు చేతికి బరువు తెలుస్తుందని ఆయన లెక్క. అవి కడిగిన నీళ్లలోనే చేతులు కడుక్కుని తంబాకు నలిపేవాడు. నడుముకు ఒక చిన్న రేకు డబ్బీ ఉండేది, అందులో తడి సున్నం. గోటితో ఇంత తీసి తంబాకులో కలిపి బుగ్గన పెట్టుకునేవాడు. నాయిన అంటే నాకు ఆ వాసనే. ఇప్పటికీ చిక్కడపల్లి మార్కెట్‌లో తమలపాకులమ్మే ఆమె పక్క నుంచి పోతే ఒక్క క్షణం నా కాళ్లు ఆగుతాయి.

నాయిన పేరు నర్సింహ. పునాదులు తవ్వే పని. మట్టి గురించి ఆయనకు తెలిసినంత ఇప్పటి ఇంజినీర్లకు తెలియదని చెప్పను, వాళ్లకు తెలిసింది వేరు. ఆయన కొత్త జాగాకు పోతే ముందు చెప్పులు విప్పి, మడమతో నేలను అక్కడక్కడ తన్నుతూ చుట్టూ తిరిగేవాడు. శబ్దం వినేవాడు. ఒక ముద్ద తీసి ఉమ్మి తడిపి వేళ్ల మధ్య తాడులా తిప్పేవాడు. తాడు తెగకుండా ఎంత పొడుగు సాగితే ఆ మట్టి అంత మోసగత్తె అనేవాడు. నారాయణగూడ వైపు మొరం నేల, కింద బండ, అక్కడ తవ్వడం కష్టం గానీ గోడ నిలుస్తుంది. అశోక్ నగర్‌లో నాలాకు దగ్గరగా పోయినకొద్దీ నల్లమట్టి, పూడిక మట్టి. తవ్వడం సులువు, నిలవడం కష్టం. అప్పటికి ఇక్కడ ఇళ్లకంటే ఖాళీ జాగాలే ఎక్కువ. ఇప్పుడు నేను కూరలు తరుగుతున్న చోట మేము మేకలను తోలుకుని పోయాం అంటే హాస్టల్ పిల్లలు నమ్మరు.

లోతు పునాది తవ్వేటప్పుడు మా వాళ్లలో ఒక పద్ధతి ఉండేది. గుంత అంచుకు కొంచెం వెనకగా నేల మీద నెర్రె పడిందంటే నాయిన డబ్బీలో సున్నం, మెత్తటి బంకమట్టి కలిపి, ఆ నెర్రెకు అడ్డంగా నాలుగు వేళ్ల వెడల్పున పట్టీ వేసేవాడు. బొటనవేలితో ఒకే దెబ్బన నున్నగా రాసేవాడు. నేల కదిలితే ముందు ఆ పట్టీ తెగుతుంది. పట్టీ దగ్గర ఒక మనిషి కూర్చోవాలి. తట్ట మోయలేని వాళ్లకు, అంటే పిల్లలకో ముసలివాళ్లకో ఆ పని. నన్ను ఎనిమిదో ఏట కూర్చోబెట్టారు. కూర్చోబెడుతూ నాయిన చెప్పిన మాటలు నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తున్నాయి.

"సూడు బిడ్డా. పట్టీ తెగితె ఏం సోంచాయించకు. అరువు. మేమెక్కి వస్తం. ఎండకు తెగిందా, మన్ను జరిగి తెగిందా, అది నేను సూస్త. అది నా పని. నీ పని అరుసుడే."

ఇప్పుడు ఈ గల్లీలో ఉన్న ఒక ఇంటికి అప్పుడు పునాది తవ్వుతున్నాం. మూడంతస్తుల ఇల్లు, నాలా వైపు జాగా, కాబట్టి లోతుగా పోవాలి. ఎండలు పోయి వానలు రావడానికి ముందు రోజులు. యాదగిరి అని మేస్త్రి. కోపిష్టి, పని దొంగ కాదు. తవ్విన మన్ను దూరం మోస్తే రోజులు పడతాయని అంచు మీదనే కుప్ప పోయించాడు. నాయిన రెండుసార్లు వద్దన్నాడు. "నర్సింహా, నీకు భయమైతె పైన కూసో, నీ పెండ్లాన్ని దింపుత" అన్నాడు మేస్త్రి. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. నాయిన గుంతలోకి దిగాడు. అంచు మీద సన్నటి నెర్రె పడితే పట్టీ వేసి, డబ్బీ నా చేతికిచ్చి, ఎండితే తడిపి కొత్తది వెయ్యి అని చెప్పాడు.

మొదటి రోజు మిట్టమధ్యాహ్నం పట్టీ మీద గీత కనిపించింది. నేను అరిచాను. ఎనిమిది మంది ఎక్కి వచ్చారు. నాయిన వంగి చూశాడు. పగుళ్లు అన్ని దిక్కులకూ వలలా పోయాయి. ఎండ పగులు అది. నేల కదిలితే నెర్రె వెంబడే ఒకే గీత పడుతుందని నాకు వేలితో చూపించి, "అరిసినవ్, మంచిగ చేసినవ్" అని దిగిపోయాడు. రెండో రోజు మళ్లీ అరిచాను. మళ్లీ ఎండే. ఈసారి కిష్టయ్య అనే అతను చెమట తుడుచుకుంటూ, "ఓ బాలామణీ, మా అత్తగూడ దినానికి ఒక్కపారే అరుస్తది" అన్నాడు. మేస్త్రి నవ్వలేదు. నా ముందు గొంతుక్కూర్చుని వేలు చూపించి చెప్పాడు. "ఇంకొక్కపారి ఉత్తగ అరిసినవనుకో, మీ అయ్యను, మీ అమ్మను, నిన్ను అందర్ని తోలిస్త. ఊళ్లె గడ్డి తినుండ్రి పోయి." ఆ రాత్రి అన్నం దగ్గర అమ్మ కూడా అంది. "కండ్లు తెరిసి సూసి అరువరాదా? పని పోతె యాడికి పోతం?" నాయిన ఒక మాట అని ఉంటే బాగుండేదని చాలా ఏళ్లు అనుకున్నాను. ఆయన చెప్పవలసింది ముందే చెప్పాడు, అది నేను పక్కన పెట్టాను.

మూడో రోజు తెల్లవారుజామున వాన పడి వెలిసింది. ఆకాశం మబ్బుగా ఉంది. మన్ను కుప్ప తడిసి నల్లగా, బరువుగా కూర్చుంది. మేస్త్రి నాకు పది అడుగుల దూరంలో నిలబడి చాయ్ తాగుతున్నాడు. నాయిన నా కింద, సరిగ్గా నా కింద తవ్వుతున్నాడు. ఆయన నెత్తి మీది తువాల కనిపిస్తోంది. పట్టీ తెగింది. ఎండ లేదు. వలలా పగుళ్లు లేవు. ఒకే గీత, నెర్రె వెంబడి, కత్తితో కోసినట్టు. అది ఏమిటో నాకు తెలుసు. ఎనిమిదేళ్ల పిల్లకు తెలియదని నన్ను నేను ఊరడించుకోవడానికి చాలాసార్లు చూశాను గానీ, తెలుసు. మేస్త్రి వైపు చూశాను. చాయ్ ఊదుకుంటూ ఆయనా నా వైపు చూశాడు. నేను బొటనవేలు నాలుకతో తడి చేసుకుని, డబ్బీలో సున్నం తీసి, ఆ గీత మీద నున్నగా రాసేశాను. నాయిన రాసినట్టే, ఒకే దెబ్బన. పట్టీ కొత్తదిలా అయింది. మేస్త్రి మొహం అటు తిప్పుకున్నాడు. కాసేపటికి మళ్లీ అదే చోట గీత పడింది, ఈసారి కొంచెం వెడల్పుగా. మళ్లీ రాశాను. మూడోసారి రాయడానికి వేలు చాపినప్పుడు పట్టీ రెండు ముక్కలై, అవతలి ముక్క నా కళ్ల ముందే కిందికి దిగిపోయింది.

శబ్దం పెద్దగా రాలేదు. బియ్యం బస్తా వీపు మీంచి దింపినట్టు వచ్చింది. కుప్ప, అంచు, అంచు వెనక జానెడు నేల, అన్నీ కలిసి గుంతలోకి పోయాయి. నేను వెనక్కి పడ్డాను. తువాల కనిపించలేదు.

మేస్త్రి గురించి ఒక మాట రాయాలి. అందరికంటే ముందు గుంతలోకి దూకింది అతనే. చాయ్ గ్లాసు ఎక్కడ పడిందో, చెప్పులు ఎక్కడ పడ్డాయో. పారలు వాడితే మనిషికి తగులుతుందని చేతులతో తవ్వారు. అమ్మ తట్ట పారేసి వచ్చి దిగింది. ఎవరూ ఏడవలేదు, ఏడవడానికి ఊపిరి మిగల్లేదు. ముందు నాయిన చెయ్యి బయటపడింది, తర్వాత మొహం. నోట్లోంచి తంబాకు కలిసిన మట్టి ఉమ్మి, ఊపిరి తీసుకున్నాడు. నడుము కింద భాగం తీయడానికి చాలాసేపు పట్టింది. తుంటి ఎముక విరిగింది. పైకి తెచ్చి తలుపు చెక్క మీద పడుకోబెట్టాక, మేస్త్రి మట్టి చేతులతో నా భుజాలు పట్టుకుని అడిగాడు.

"పట్టీ తెగలేదానె? సూస్తలేవా?"

"తెగలె" అన్నాను.

నాయిన తల ఇటు తిప్పి నా వైపు చూశాడు. తర్వాత రిక్షాలో దవాఖానకు తీసుకుపోయారు.

ఆయన మూడు నెలలు మంచంలో ఉన్నాడు. అమ్మ ఒక్కతే పనికి పోయేది. నేను ఇంటి దగ్గర ఉండి ఆయనకు గంజి తాగించేదాన్ని. నా కుడి బొటనవేలు పొక్కింది. ఉమ్మి తడికి సున్నం కాటేసి తోలు ఊడింది. నేను దాన్ని పిడికిట్లో దాచుకుని తిరిగేదాన్ని, ఎడమ చేత్తో గంజి తాగించేదాన్ని. ఒక రోజు నాయిన ఆ పిడికిలి తీసుకుని తెరిచాడు. బొటనవేలిని చాలాసేపు చూశాడు. బంకమట్టి కలిపి పట్టీ వేస్తే వేలు పొక్కదు, ఉత్త సున్నం మళ్లీ మళ్లీ రాస్తేనే పొక్కుతుంది. అది ఆయనకు తెలియదా? మంచం కింద ఆముదం సీసా తీయించి, దూదితో వేలికి రాస్తూ, ఎవరితోనో మట్టి సంగతి మాట్లాడుతున్నట్టు అన్నాడు.

"మన్నును ఎవ్వరు నూకరు బిడ్డా. అంచు తడుస్తది, బరువైతది. దాని బరువే దాన్ని కిందికి గుంజుతది. పోంగ పోంగ ఎనకదాన్ని గూడ గుంజుకపోతది. నడుమ మనం అడ్డమున్నం, గంతే."

అప్పుడు చెప్పి ఉండవలసింది. చెప్పమనే ఆయన వేలు పట్టుకున్నాడేమో కూడా. నేను గంజి గిన్నె కడగడానికి లేచి వెళ్లిపోయాను. తర్వాత ఆయన కర్ర పట్టుకుని నడిచాడు గానీ మళ్లీ గడ్డపార పట్టలేదు. ఇల్లు పూర్తయ్యాక ఆ ఇంటి గేటు దగ్గరే కాపలాకు కూర్చున్నాడు. మేస్త్రే ఇంటాయనతో మాట్లాడి పెట్టించాడు. సాయంత్రం పోయి చూస్తే స్టూలు మీద కూర్చుని మంచి కాలి మడమతో నేలను మెల్లగా తడుతూ ఉండేవాడు. నా పెళ్లయ్యాక పోయాడు. చెప్పని మాట ఆయనతో పోలేదు, నా దగ్గరే ఉంది.

చదువు రానివాళ్లకు బొటనవేలే సంతకం. రేషన్ దుకాణంలో, బ్యాంకులో, ఇంటి కిరాయి కాగితం మీద, మా ఆయన పోయినప్పుడు దవాఖాన కాగితం మీద, ఎక్కడ సిరా డబ్బా నా ముందుకు తోసినా నాకు సున్నం డబ్బీ కనిపించేది. వేలు గబుక్కున వత్తి తీసేసేదాన్ని. ముసలిదానివి, జర మెల్లగ వత్తు అనేవాళ్లు. అరవై ఎనిమిదేళ్లప్పుడు నేను పలక పట్టుకుంటే మెస్ ఓనరు నవ్వాడు, ఇప్పుడు కలెక్టరువు కావాలా అని. వేలు పెట్టకుండా బతకాలని నేర్చుకుంటున్నా అన్నాను. ఆయనకు అర్థం కాలేదు, అర్థం చేసుకొమ్మని నేను చెప్పలేదు. పేరు రాయడం నేర్చుకున్నాక అది చాలలేదు, ఇంకా కావాలనిపించింది. ఇప్పుడు స్వప్న పుస్తకాలే మెల్లగా, గట్టిగా చదువుతాను. ఆమెకు వింటే గుర్తుంటుందట, నాకు చదివితే వస్తుంది.

గ్లాసులు మోగిన రోజు మధ్యాహ్నం మేడ మీద దుప్పట్లు ఆరవేస్తుంటే ఆమె భూగోళం పుస్తకం తెచ్చి, ఈ పాఠం చదువు అవ్వా అంది. భూమి పైపొర ఒకటే ముక్క కాదట, పెద్ద పెద్ద పలకలుగా ఉందట. అవి కదులుతాయట. ఎందుకు కదులుతాయనే చోట "సంవహన ప్రవాహాలు" అని ఉంది. ఆ మాట చదవడానికి నాకు మూడు ఊపిర్లు పట్టాయి.

"అంటె పప్పు ఉడికినట్టు అవ్వా. కింద వేడి. వేడికి కిందిది పైకొస్తది, పైన పక్కకు పోతది, సల్లబడి మళ్ల కిందికి దిగుతది. దాని మీద పలకలు తేలుకుంట పోతయ్."

"నలభై ఏండ్లసంది పప్పు ఉడకబెడ్తున్న. మీద నురగ పక్కకు పోతది, నిజమే. హైదరాబాదంత బండ, నురగ లెక్క పోతదా?"

స్వప్న నవ్వింది. "గంత సక్కగ మా క్లాసుల ఎవ్వరు అడగలె. నువ్వన్నది నిజమే. పాత నోట్సుల గంతవరకే ఉంటది. మా సార్ ఏం చెప్పిండంటె, వేడి లేకుంటె ఏది కదలదు. సముద్రం అడుగున నడిమిట్ల వేడికి కొత్త రాయి పుడ్తది, ఆడ ఎత్తుగుంటది. ఎత్తు మీదికెల్లి జారుడు కొంత. పోంగ పోంగ ఆ రాయి సల్లబడ్తది, బరువైతది. ఆఖరుకు అంచుకాడ కిందికి మునుగుతది. అన్నిట్ల పెద్ద జోరు గదే అంట. మునిగే అంచు తన బరువుతోని ఎనకున్న పలకనంత గుంజుకపోతది." చెప్తూనే పిట్టగోడ మీద నేను వేసిన తడి దుప్పటి చూపించింది. బయటి వైపు వేలాడే కొస పెద్దది. నీళ్లన్నీ ఆ కొసకు దిగి, దుప్పటి కొంచెం కొంచెంగా అటు జారుతోంది. మేము చూస్తుండగానే జారి, వెనక కొస గోడ మీదికి లేచి, మొత్తం అవతలికి పోయింది.

"ఎవరు నూకిన్రు దాన్ని?" అన్నాను.

"ఎవ్వరు నూకలే అవ్వా. దాని బరువే గుంజింది."

నేను అక్కడే నీళ్ల ట్యాంకు పక్కన కూలబడ్డాను. దుప్పటి తేవడానికి దిగబోయిన పిల్ల ఆగి, బీపీ గోలీ వేసుకున్నావా అని అడిగింది. వేసుకున్నానని చెప్పాను. ఆముదం వాసన వచ్చినట్టయింది. నాయిన ఏ పుస్తకం చదివాడు? పాత గుంతలు తప్ప ఆయన దేన్నీ చదవలేదు.

"ఎంత జోరుగ పోతయ్ అవి?"

"గోరు పెరిగినంత."

"మరి నా గ్లాసులెందుకు మోగినయ్?"

"మన పలక తూర్పు అంచు అండమాన్‌కాడ సముద్రంల మునుగుతున్నది. ఉత్తరం దిక్కు హిమాలయాలకాడ గుద్దుకోని ఉన్నది. అటు గుంజుడు, ఇటు ఒత్తుడు. నడిమిట్ల మన బండలల్ల పాత నెర్రెలున్నయ్. ఎప్పుడన్న ఒకటి జర జరుగుతది."

"ఎప్పుడో తెలుస్తదా?"

"తెల్వదు. జరిగినంక మిషన్లు చెప్తయ్. ముందుగాల ఎవ్వరు చెప్పలేరు."

అంటే అంత పెద్ద భూమికి పట్టీ లేదు. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి నాకు సరిగా నిద్ర లేదు. అది వేరే సంగతి. నన్ను ఎక్కువ పట్టుకున్నది ఇంకొకటి. ఆ మట్టిని నేను నూకలేదు. అంచు మీద కుప్ప పోయించింది మేస్త్రి, తడిపింది వాన, గుంజింది దాని బరువు. నాయిన నాకు చెప్పింది అదే, అరవై ఏళ్లు పట్టింది వినడానికి. కానీ పట్టీ తెగింది. చూసినదాన్ని నేను. నేను చెప్పలేదు. నూకకపోవడం ఒకటి, చెప్పకపోవడం ఇంకొకటి. మొదటిది నా నెత్తి మీంచి దిగింది. రెండోది దిగలేదు, దిగదు. దాన్ని దింపుకుందామని ఇది రాయడం లేదు.

మరునాడు చిక్కడపల్లిలో సున్నం కొన్నాను. మెస్‌కు వెనక, నెర్రెకు అడ్డంగా మూడు చోట్ల పట్టీలు వేశాను. చీపురుపుల్లతో వాటి మీద తారీఖు గీశాను. కూరగాయలు తరిగే పీట అక్కడికే తెచ్చుకుని కూర్చున్నాను. సైటు ఇంజినీరు కుర్రవాడు, మర్యాదస్తుడు. "ఏం జేస్తున్నవ్ పెద్దమ్మా ఈడ?" అని అడిగాడు.

"కాపలా."

"డిజైన్ అంత చూస్కున్నరు. నువ్వు పరేషాన్ కాకు."

"నీ డిజైను నువ్వు చూస్కో బిడ్డా. నా పట్టీ నేను చూస్కుంట."

గుంతలో అయిదుగురు ఉన్నారు. అందులో పెద్దవాడు తలెత్తి పట్టీ వంక చూసి, మా తాత గిట్లనే వేసేటోడు అన్నాడు. అంచు మీద ఇనుప చువ్వల కట్టలు పేర్చి ఉన్నాయి, పాతకాలం మన్ను కుప్ప ఉన్నట్టే. మూడో రోజు ఎండ బాగా ముదిరాక నడిమి పట్టీ మీద గీత పడింది. కత్తిపీట పక్కన పెట్టి వంగాను. నా కళ్లు ఇప్పుడు బాగా లేవు. ఒకే గీతా, వలలాగా ఉందా, తెలియలేదు. కళ్లద్దాలు లోపల ఉన్నాయి. తెచ్చుకుని, చూసి, తేల్చుకుని చెబుదామనిపించింది. మళ్లీ ఉత్తగా అరిచానని అనుకుంటారేమో అని కూడా అనిపించింది. అబద్ధం ఎందుకు, అనిపించింది. అప్పుడు నాయిన మాట గుర్తొచ్చింది. ఎందుకు తెగిందో చూడ్డం నా పని కాదు.

అరిచాను. "ఎక్కుండ్రి. పట్టీ తెగింది, పైకెక్కుండ్రి."

అయిదుగురూ నిచ్చెన ఎక్కి వచ్చారు. చివరి మనిషి కాలు పైన పెట్టేదాకా లెక్కపెట్టాను. ఇంజినీరు పరిగెత్తుకొచ్చి వంగి చూశాడు. "ఎండకు పగిలింది పెద్దమ్మా. ఉత్తదే" అన్నాడు. కూలీల్లో ఒకామె మా మెస్ నల్లా దగ్గర మొహం కడుక్కుంటూ, "పోనీ తియ్ సారూ, అవ్వ పుణ్యాన నీళ్లు తాగినం" అంది. నవ్వారు. ఆ పెద్దాయన మాత్రం నవ్వకుండా, చువ్వలు తీయించేదాకా దిగనన్నాడు. ఇంజినీరు ఫోన్లో ఎవరితోనో గొణుక్కుని, చువ్వలను గేటు వైపుకు మోయించాడు.

ఆ రోజు ఏమీ కూలలేదు. ఈ కాగితం రాస్తున్న ఇవాళ్టికీ కూలలేదు. ఎండ పగులే అయి ఉంటుంది. వాళ్లు మళ్లీ దిగాక పాత పట్టీ గీకేసి కొత్తది వేశాను, ఈసారి గరిటె వెనక వైపుతో. పుల్ల తీసుకుని తారీఖు రాసి, తడి ఆరకముందే దాని కింద నా పేరు రాశాను, బాలమ్మ అని. వేలు ఎక్కడా తగలకుండా చూసుకున్నాను. తర్వాత లోపలికి పోయి కళ్లద్దాలు తెచ్చుకుని, పీట మీద కూర్చున్నాను.